వీపు మీద గడ్డ కనిపిస్తే ముందు ఎక్కడ ఉందో చూడండి

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే పిల్లల్ని వెంటేసుకుని ఇంతమంది వచ్చారు, చాలా సంతోషంగా ఉంది. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు వచ్చి కూర్చోండి. పక్కన చాపలు పరిచారు, పిల్లల్ని అక్కడ వదిలేయండి, అల్లరి చేసినా పర్వాలేదు, నేను పిల్లల డాక్టర్ని, రోజంతా ఆ గోల మధ్యే పని చేస్తాను.

పిల్లల వీపు మీద వచ్చే గడ్డల గురించి మాట్లాడతానని నేనే అడిగాను. మన బెంగళూరులో మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్, సర్జాపూర్ రోడ్డు వైపు నుంచి నా దగ్గరికి వచ్చే మన తెలుగువాళ్ళ ఇళ్ళలో ఒకటే కథ మళ్ళీ మళ్ళీ చూస్తున్నాను. కాన్పుకి అనంతపురం నుంచో నెల్లూరు నుంచో అమ్మమ్మ వస్తుంది. రోజూ కాళ్ళు చాపుకుని, బిడ్డను కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టుకుని, నూనె రాసి నీళ్ళు పోస్తుంది. ఆ చేతికి ఒకరోజు ఏదో తగులుతుంది. "ఇదేంటే, ఇక్కడ మెత్తగా ఉబ్బినట్టుంది" అంటుంది. అమ్మాయి కంగారుపడి ఫోన్ తీసి అర్ధరాత్రి దాకా చదువుతుంది, ఒకచోట కాన్సర్ అని ఉంటుంది, ఇంకోచోట ఏమీ కాదని ఉంటుంది, నిద్ర పోతుంది గానీ టెన్షన్ పోదు. ఊళ్ళో ఉన్న పెద్దాయనకి వీడియో కాల్‌లో చూపిస్తే ఆయన ఒకటే అడుగుతాడు: "నొక్కితే ఏడుస్తున్నాడా? లేదు కదా. అయితే వదిలేయండి, పెద్దయ్యాక అదే పోతుంది."

ఆ మాట గురించే ఇవాళ గట్టిగా చెప్పాలని వచ్చాను. నొప్పి ఉన్న గడ్డను ఎవరూ వదిలెయ్యరు. ఎర్రగా ఉబ్బి, చీము పట్టి, బిడ్డ ఏడుస్తుంటే ఆ సాయంత్రానికే ఆస్పత్రిలో ఉంటారు, పది రోజుల్లో అది మానిపోతుంది. నొప్పి లేకుండా, మెత్తగా, నడుము మధ్యలో కూర్చున్నదాన్ని మాత్రం ఏళ్ళ తరబడి వదిలేస్తారు. నన్నడిగితే నొప్పి ఉందా, ఎంత పెద్దగా ఉంది అనే ప్రశ్నల కన్నా ముందు అడగాల్సింది, ఎక్కడ ఉంది అని.

ఒకసారి మీ చెయ్యి వెనక్కి పెట్టి మీ వెన్నుపూసలు తడిమి చూసుకోండి. మెడ కింద నుంచి పిర్రల చీలిక దాకా ఒక గీత ఉంది కదా, దాన్ని నడిగీత అనుకుందాం. ఆ గీత మీద, లేదా దానికి రెండు వేళ్ళ దూరంలో ఉన్న గడ్డ వేరు, భుజం దగ్గరో పక్కటెముకల మీదో ఉన్న గడ్డ వేరు. పక్కన ఉన్నవాటిలో చాలావరకు చర్మానికీ దాని కిందున్న కొవ్వుకీ సంబంధించినవి. నడిగీత మీద ఉన్నది వెన్నుపాము దాకా వెళ్ళి ఉండే అవకాశం ఉంది.

ఎందుకు అలా? గర్భం నిలిచిన మొదటి 28 రోజుల్లోనే వెన్నుపాము ఒక గొట్టంలా మూసుకుంటుంది. చాలామంది ఆడవాళ్ళకి అప్పటికి నెల తప్పిందని కూడా సరిగ్గా తెలియదు. ఆ మూసుకోవడంలో ఎక్కడైనా తేడా వస్తే, కొందరు బిడ్డలు వీపు తెరుచుకునే పుడతారు, అది పుట్టగానే అందరికీ కనిపిస్తుంది. ఇంకొందరిలో పైన చర్మం చక్కగా మూసుకుని ఉంటుంది, లోపల మాత్రం ఒక కొవ్వు ముద్ద ఎముకల సందులోంచి దూరి వెన్నుపాముకి అతుక్కుని ఉంటుంది. బయటికి మనకి కనిపించేది మెత్తటి ఉబ్బు, అంతే. పట్టుకుంటే మామూలు కొవ్వు గడ్డలాగే ఉంటుంది.

ఇప్పుడు ఆ బిడ్డ ఎదుగుతాడు. వెన్నెముక పొడవు పెరుగుతుంది. వెన్నుపాము కింది కొస మామూలుగా నడుము పైభాగంలో, స్వేచ్ఛగా ఉండాలి. ఈ కొవ్వు ముద్ద దాన్ని కిందికి పట్టి ఉంచితే అది లాగబడుతుంది. తాడు కట్టిన దూడ లాగినట్టు, రోజూ కొంచెం కొంచెం. నరాలు నలుగుతాయి. ఒక పాదం రెండోదానికన్నా చిన్నదవుతుంది, చెప్పులు ఒక కాలికి వదులవుతాయి. నడక మారుతుంది. మలబద్ధకం మొదలవుతుంది. పక్క తడపడం మానేసిన పిల్ల మళ్ళీ తడుపుతుంది. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ మాటిమాటికీ వస్తుంది. వీటిలో ఏ ఒక్కదాన్నీ ఆ వీపు మీది మెత్తటి ఉబ్బుతో కలిపి చూడాలని ఇంట్లో ఎవరికీ తట్టదు.

నాలుగేళ్ళ పాప ఒకతె నా దగ్గరికి వచ్చింది. వచ్చింది మూత్రం కోసం. మూడేళ్ళకే చక్కగా చెప్పి బాత్రూమ్‌కి వెళ్ళేదట, ఆర్నెల్ల నుంచి ప్లేస్కూల్లో బట్టలు తడుపుకుంటోంది, టీచరు కసురుతోంది, తల్లి ఇంట్లో రెండు దెబ్బలు కూడా వేసిందట, అది చెబుతూ ఆమె ఏడ్చింది. గౌను పైకెత్తి చూస్తే నడుము కింద, సరిగ్గా నడిగీత మీద, నిమ్మకాయంత మెత్తటి గడ్డ. "ఇది పుట్టినప్పటి నుంచీ ఉంది డాక్టరు గారూ, చూపించాం, కొవ్వే అన్నారు." కొవ్వే, అందులో అబద్ధం లేదు. ఆ కొవ్వు ఎక్కడి దాకా వెళ్ళిందో ఎవరూ చూడలేదు. ఎమ్మారై తీయించాం, వెన్నుపాము దానికి కట్టేసినట్టు ఉంది. ఆపరేషన్ జరిగింది. కాళ్ళ బలం బాగానే ఉంది, మూత్రం అదుపు మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. ఈ జబ్బులో అంతే, ఒకసారి పోయిన మూత్రం అదుపు చాలామందిలో మళ్ళీ పూర్తిగా రాదు. అందుకే పోకముందే చూడాలని ఇంత బతిమాలుకుంటున్నాను.

నడిగీత మీద గడ్డ ఒక్కటే కాదు, చర్మం ఇంకొన్ని గుర్తులు కూడా ఇస్తుంది. నడుము మధ్యలో ఒకచోటే కుచ్చులాగా పొడవాటి వెంట్రుకలు. పుట్టిన బిడ్డకి వీపంతా సన్నటి నూగు ఉంటుంది, అది మామూలే, పిండి ముద్దతో రుద్ది దాన్ని తీసెయ్యక్కర్లేదు, దానంతటదే రాలిపోతుంది. నేను చెప్పేది ఒక్కచోటే గుత్తిగా ఉండే వెంట్రుకల గురించి. అలాగే నడుము మధ్యలో ఎర్రగా ఉబ్బిన మచ్చ, చిన్న తోకలాంటి బొడిపె, ఇంకా గుంట. గుంట గురించి చాలామంది భయపడతారు కాబట్టి కొంచెం ఆగుతాను. పిర్రల చీలికలో, మలద్వారానికి దగ్గరగా, అంటే రెండున్నర సెంటీమీటర్ల లోపు, అడుగు కనిపించేలా ఉన్న చిన్న గుంట చాలామంది ఆరోగ్యమైన పిల్లలకి ఉంటుంది, దాని గురించి నిద్ర పాడుచేసుకోకండి. అదే గుంట ఇంకా పైన, నడుము దగ్గర ఉన్నా, అడుగు కనిపించనంత లోతుగా ఉన్నా, దాంట్లోంచి తడి వస్తున్నా, అది వెన్నుపాము పొరల దాకా వెళ్ళే సన్నటి దారి కావచ్చు. ఆ దారిలో సూక్ష్మక్రిములు లోపలికి పోతే మెదడు పొరల వాపు దాకా వెళ్తుంది. అలాంటి గుంటలో అగ్గిపుల్లకి దూది చుట్టి శుభ్రం చెయ్యడం, నూనె పొయ్యడం, దయచేసి వద్దు. ఇలాంటి గుర్తులు రెండు ఒకేచోట ఉంటే, గడ్డా వెంట్రుకలూ అనుకోండి, లోపల ఏదో ఉండే అవకాశం బాగా పెరుగుతుంది.

ఇక్కడ వయసు మనకి ఒక మేలు చేస్తుంది. మొదటి మూడు నాలుగు నెలల్లో బిడ్డ వెన్నుపూసల వెనక భాగం ఇంకా పూర్తిగా గట్టిపడదు, అందుకని మామూలు అల్ట్రాసౌండ్‌తోనే వెన్నుపాము కనిపిస్తుంది. కడుపుతో ఉన్నప్పుడు మీకు చేసిన స్కానింగ్ లాంటిదే, రేడియేషన్ ఉండదు, మత్తు అక్కర్లేదు, పాలు పట్టి బోర్లా పడుకోబెడితే అయిపోతుంది. ఆ తర్వాత ఎముక గట్టిపడ్డాక ఎమ్మారై కావాలి, చిన్నపిల్లలు అరగంట కదలకుండా ఉండరు కాబట్టి మత్తు కూడా కావాల్సి వస్తుంది. అందుకే అమ్మమ్మ చేతికి రెండో నెలలో తగిలిందాన్ని "ఏడాది నిండాక చూద్దాం" అని వాయిదా వెయ్యకండి.

పక్కన ఉండే గడ్డల సంగతికొద్దాం. మీలో ఎక్కువమంది ఇళ్ళలో ఉండేవి ఇవే.

ఏప్రిల్, మే నెలల్లో బెంగళూరులో కూడా ఎండలు బాగానే కాస్తున్నాయి, సెలవులకి కడపో ఒంగోలో వెళ్ళి వచ్చిన పిల్లలకి వీపు నిండా చెమటకాయలు, వాటి మధ్యలో సెగ గడ్డలు. మామిడిపళ్ళు తిన్నాడు కాబట్టి వచ్చాయంటారు. పళ్ళ వల్ల రావు. చర్మం మీదుండే బాక్టీరియా గోకిన చోటి నుంచి లోపలికి దిగడం వల్ల వస్తాయి. గోళ్ళు కత్తిరించండి, గోరువెచ్చటి నీళ్ళలో ముంచిన గుడ్డతో రోజుకి మూడు నాలుగు సార్లు కాపడం పెట్టండి, తువ్వాలు వేరుగా పెట్టండి. పిండకండి. సున్నం, పసుపు కలిపి పట్టు వెయ్యడం మన పెద్దల అలవాటు, వాళ్ళ ప్రేమని నేను తప్పుపట్టను, కానీ పిల్లల చర్మం సున్నానికి కాలిపోతుంది, అలా కాలిపోయిన వీపుల్ని నా చేతులతో కట్టు కట్టాను. ఎరుపు చుట్టూ పాకుతున్నా, జ్వరం వచ్చినా, బిడ్డ డీలా పడినా ఆ రోజే చూపించండి. పోయినసారి మిగిలిన యాంటీబయాటిక్ సీసా ఫ్రిజ్‌లోంచి తీసి పోసెయ్యకండి.

తల వెనక, మెడ మీద, జుట్టు మొదలయ్యే చోట బఠాణీ గింజంత బిళ్ళలు తగులుతాయి, అవి క్రిములతో పోరాడే లింఫ్ గ్రంథులు. వేలితో తోస్తే అటూ ఇటూ జారతాయి. తలలో పేలున్నా, కురుపులున్నా, జలుబు చేసినా అవి ఉబ్బుతాయి, అది వాటి పని. సెంటీమీటరు లోపు ఉండి, జారుతూ ఉంటే, వాటిని రోజూ నొక్కి నొక్కి చూడకుండా ఉంటే చాలు. తలలో పేల సంగతి చూడండి.

కష్టమైన కాన్పు జరిగిన బిడ్డల్లో, పుట్టగానే ఊపిరి అందక చల్లబరిచే చికిత్స చేసిన బిడ్డల్లో, మొదటి కొన్ని వారాల్లో వీపు మీద, భుజాల మీద గట్టి గట్టిగా ముద్దలు వస్తాయి, పైన చర్మం ఎర్రగానో ఊదాగానో ఉంటుంది. చర్మం కింది కొవ్వు దెబ్బతిని గట్టిపడటం అది. వారాల్లోనో నెలల్లోనో తగ్గిపోతుంది. కానీ ఈ పిల్లల రక్తంలో కాల్షియం ఎక్కువయ్యే ప్రమాదం ఉంది, ముద్దలు తగ్గిపోయాక కూడా. పాలు సరిగ్గా తాగకపోవడం, వాంతులు, బరువు పెరగకపోవడం కనిపిస్తే వెంటనే రక్తపరీక్ష చెయ్యాలి, విటమిన్ డి చుక్కలు కూడా డాక్టరుని అడిగే వెయ్యాలి. మామూలు పిల్లలకి ఆ చుక్కలు ఆపమని నేను అనట్లేదు, సరిగ్గా వినండి.

పుట్టిన రెండు మూడు వారాలకి చిన్న ఎర్ర చుక్కలా మొదలై, మూడు నెలలకి పండు ముక్కలా ఉబ్బే ఎర్రటి గడ్డలు, రక్తనాళాల గడ్డలు. మొదటి ఐదు నెలల్లో చాలావరకు పెరిగేస్తాయి, ఆ తర్వాత ఏళ్ళ మీద మెల్లగా కుంచించుకుపోతాయి. కొన్నింటికి మందు కావాలి. 2008లో ఫ్రాన్స్‌లోని బోర్డో నగరంలో డాక్టర్లు గుండెకి వాడే ప్రోప్రనొలాల్ ఇచ్చిన పిల్లల్లో ఈ గడ్డలు తగ్గాయని ప్రకటించారు, ఇప్పుడు ప్రపంచమంతా అదే వాడుతున్నాం. ఇది కూడా నడుము మధ్యలో ఉంటే మాత్రం లోపల వెన్నుపాము చూడాల్సిందే. పుట్టుకతో పిర్రల మీదా నడుము మీదా ఉండే నీలం మచ్చలు వేరు, అవి చదునుగా ఉంటాయి, మన పిల్లల్లో చాలామందికి ఉంటాయి, వాటంతటవే వెలిసిపోతాయి.

అమ్మా, మీరు అడుగుతున్నది వినిపించింది. వెన్నుపూసలే గడ్డల్లా కనిపిస్తున్నాయి అంటున్నారు. సన్నగా ఉన్న పిల్ల వంగినప్పుడు వరసగా అన్నీ ఒకేలా కనిపిస్తే అవి ఎముకలే. మెడ కింద ఒకటి అందరికీ పెద్దగానే ఉంటుంది, మీదీ తడిమి చూసుకోండి. భుజం ఎముక అంచు కూడా అంతే, ఎడమ పక్కా కుడి పక్కా పోల్చి చూస్తే తెలిసిపోతుంది. అయితే వరసలో ఒక్క పూస మాత్రం కోణంగా పొడుచుకు వచ్చినట్టుంటే అది వేరే సంగతి. మన దేశంలో దాన్ని చూడగానే వెన్ను టీబీని గుర్తు చేసుకోవాలి. పిల్లవాడికి దగ్గు ఉండాలని లేదు. కింద పడ్డ బొమ్మని వంగి తీసుకోడు, వీపు నిటారుగా పెట్టి మోకాళ్ళ మీద కూర్చుని తీసుకుంటాడు. రాత్రి నిద్రలో అరిచి లేస్తాడు. సన్నటి జ్వరం, బరువు తగ్గడం. ఇంట్లో తాతకో, పనికొచ్చే మనిషికో, ఎవరికైనా టీబీ వచ్చిందా అని గుర్తు తెచ్చుకోండి. మందులు సర్కారు ఉచితంగా ఇస్తుంది, సుమారు ఏడాది వాడాలి, త్వరగా పట్టుకుంటే వెన్ను వంగిపోకుండా ఆపొచ్చు. ఆ ఉబ్బు మీద పసరు కట్టు కట్టించి నెలలు గడపొద్దు. ఐదేళ్ళ లోపు పిల్లలు నడుము నొప్పి అని చెబితే, గడ్డ ఉన్నా లేకపోయినా, ఊరికే అంటున్నాడని తీసెయ్యకండి.

కాన్సర్ మాట కూడా మాట్లాడుకుందాం, మీ అందరి మనసులో ఉన్నది అదే. పిల్లల వీపు మీద గడ్డల్లో చాలా ఎక్కువ భాగం కాన్సర్ కాదు. మాకు అనుమానం తెప్పించేది రాయిలా గట్టిగా, లోపల అతుక్కుపోయి, తోస్తే కదలకుండా, వారం వారానికీ పెరిగే గడ్డ. నొప్పి లేకపోవడం ఇక్కడా ఒక గుర్తే, మళ్ళీ చెబుతున్నాను. రక్తపరీక్ష మామూలుగా వచ్చింది కదా అని ఊరుకోకండి, ఇలాంటి గడ్డలు ఉన్నా రక్తపరీక్ష మామూలుగా రావచ్చు. పుట్టిన బిడ్డకి తోకెముక దగ్గర గడ్డ ఉంటే అస్సలు ఆలస్యం చెయ్యకూడదు, మొదటి వారాల్లో తీసేస్తే చాలావరకు హాయిగా ఉంటారు, నెలలు గడిచేకొద్దీ అది కాన్సర్‌గా మారే భయం పెరుగుతుంది.

ఇంకొకటి, ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. "చిన్నదే కదా, ఇక్కడే మత్తు సూది వేసి పావుగంటలో తీసేస్తా" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. లోపల ఏముందో స్కానింగ్‌లో చూడకుండా నడిగీత మీది గడ్డని కోస్తే వెన్నుపాము ద్రవం బయటికి కారుతుంది, నరాలు తెగుతాయి. గట్టి గడ్డని సగం తీసి సగం వదిలేస్తే తర్వాత చేసే వైద్యం రెండింతలు కష్టమవుతుంది. సూది గుచ్చి చూడటం కూడా అంతే. ముందు స్కానింగ్, ఆ తర్వాతే కత్తి.

అయితే ఎప్పుడు పరిగెత్తాలి, ఎప్పుడు ఆగొచ్చు? మూడు నెలల లోపు బిడ్డకి గడ్డతో పాటు 100.4 డిగ్రీల జ్వరం ఉంటే, గుంట నుంచో గడ్డ నుంచో నీరు కారుతుంటే, కాలు కదపడం తగ్గితే, పడ్డ తర్వాత వెన్ను మీద వాపు వస్తే, రాత్రయినా సరే బయల్దేరండి. నడిగీత మీద ఏది కనిపించినా, పుట్టుకతో ఉన్నా, ఆ వారంలో చూపించండి. గట్టిగా కదలకుండా ఉన్నా, పెరుగుతున్నా, రెండు సెంటీమీటర్లు దాటినా అంతే. పక్కన, చిన్నగా, మెత్తగా, జారుతూ ఉండి బిడ్డ హాయిగా ఆడుకుంటుంటే రెండు వారాలు గమనించండి. గమనించడమంటే రోజూ నొక్కడం కాదండీ. పక్కన స్కేలు పెట్టి, పగటి వెలుగులో ఒక ఫోటో తీయండి, వారం తర్వాత అదే స్కేలుతో ఇంకోటి. మాకు ఆ రెండు ఫోటోలు ఎంత ఉపయోగమో చెప్పలేను. వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి మాత్రం వాడకండి, అది మీ బిడ్డ ఒళ్ళు.

ముందు పిల్లల డాక్టరుకి చూపిస్తే చాలు, అక్కడి నుంచి పిల్లల సర్జన్ కావాలో న్యూరోసర్జన్ కావాలో వాళ్ళు చెబుతారు. ఖర్చు గురించి భయపడేవాళ్ళకి చెబుతున్నా, మన ఊళ్ళోనే మెదడు, నరాల జబ్బులు చూసే సర్కారు ఆస్పత్రి నిమ్హాన్స్ ఉంది, దాని దగ్గర్లోనే ఇందిరాగాంధీ పిల్లల ఆరోగ్య సంస్థ, కిద్వాయి కాన్సర్ ఆస్పత్రి ఉన్నాయి. క్యూ ఉంటుంది, పొద్దున్నే వెళ్ళాలి. అయినా వెళ్ళండి.

పెళ్ళైన అమ్మాయిలు, ఇంకా బిడ్డని అనుకుంటున్నవాళ్ళు ఇక్కడ ఉన్నారు. ఆ 28 రోజులు గుర్తుందా? అందుకే ఫోలిక్ యాసిడ్ గర్భం నిలవక ముందు నుంచే, రోజుకి 400 మైక్రోగ్రాములు వేసుకోవాలి. ముందు బిడ్డ ఇందాక చెప్పినట్టు వీపు తెరుచుకుని పుట్టి ఉంటే దానికి పదింతలు, అంటే 4 మిల్లీగ్రాములు, డాక్టరుతో మాట్లాడి మొదలుపెట్టాలి. 1991లో వచ్చిన పెద్ద పరిశోధనలో, అలా వేసుకున్న తల్లుల్లో మళ్ళీ అదే సమస్య రావడం 72 శాతం తగ్గింది. అత్తగార్లూ, బిడ్డ వీపు మీద ఏదైనా కనిపిస్తే "గ్రహణం రోజు బయట తిరిగావా" అని ఆ పిల్లని అడగకండి. గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు, ఆ అమ్మాయి అప్పటికే తనని తాను నిందించుకుంటూ ఉంటుంది.

మొదలుపెట్టక ముందు మెట్ల దగ్గర ఒకామె తన పాప నడుము మీద ఏదో ఉందని చెప్పి, జనంలో అడగడానికి మొహమాటపడ్డారు. ఆమెతో పాటు ఇంకెవరైనా చూపించుకోవాలంటే, పక్క గదిలో కిటికీ దగ్గర వెలుగు బాగుంది, నేను చేతులు కడుక్కుని వస్తాను, ఒక్కొక్కరే బిడ్డని తీసుకుని రండి. అమ్మమ్మ గారు ఉంటే వాళ్ళని కూడా పిలవండి, ముందు తడిమింది వాళ్ళే కదా.